రెండు కిలోల రాళ్ళు

మా వీధిలో అభిమానానికి తూకం ఉండేది. పండక్కి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను గడపలోనే ఆపి, పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఏమే, ఇంత చిక్కిపోయినావు" అనేవాళ్ళు. నిజంగా చిక్కిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఆ మాట అనకపోతే మాత్రం ప్రేమ లేదని అర్థం. నా చిన్నతనంలో పెద్ద జ్వరం వచ్చి తగ్గితే మా నాయన నన్ను గుళ్ళో తక్కెడలో కూర్చోబెట్టి బెల్లంతో తూయించాడు. అచ్చు మీద అచ్చు పెడుతుంటే, ఇది ఇంకా కొంచెం బరువుంటే బాగుండును అన్నట్టు నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

బెంగళూరు పాతపేటలో మాది మగ్గాల ఇల్లు. ముందు వసారాలో రెండు మగ్గాలు, వెనక గదిలో పట్టునూలు తూచే తక్కెడ, దాని పక్కన చెక్కపెట్టెలో ఇనప తూకపు రాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ. వీధి చివర గరిడి, అంటే కుస్తీల తాలింఖానా, ఉండేది. ఎర్రమట్టి గోతిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి తొక్కి మెత్తగా చేసేవాళ్ళు, ఆ వాసన వర్షం పడ్డ రోజు మా ఇంటిదాకా వచ్చేది. ఆ గరిడికి మా నాయన వస్తాదు. పగలు మగ్గం, పొద్దున సాయంత్రం గరిడి. మా గడప దాటడానికి ఆయన కొంచెం పక్కకు తిరగాల్సి వచ్చేది. అదేమీ అవసరం లేదనీ, గొప్పకోసం తిరుగుతాడనీ మా అమ్మ అనేది.

మార్గశిరంలో హనుమంతుడి పండగ రోజు గరిడిలో బలప్రదర్శన జరిగేది. మొదట్లో రాతిగుండు ఎత్తేవాళ్ళు. తర్వాత ఇనప బారు, దాని కొసలకు తొడిగే పళ్ళేలు వచ్చాక, నేల మీదనుంచి బారు ఎత్తి నిలబడటం పోటీ అయింది. పిల్లకాయలకు కప్పులు, పతకాలు. నలభై దాటిన పెద్దల్లో గెలిచినవాడికి మాత్రం కప్పు లేదు. ఆ సాయంత్రం ఊరేగింపులో హనుమంతుడి పటం ముందు, గరిడిలోని పాత మద్దికొయ్య గదను భుజాన పెట్టుకొని నడిచే హక్కు అతనిది. పోటీకి ముందు అందరినీ తూచేవాళ్ళు. తూకం కోసం పక్క వీధి సౌదె డిపోనుంచి కట్టెలు తూచే పెద్ద పలక త్రాసును నలుగురు మోసుకొచ్చేవాళ్ళు. ఒక్కొక్కరూ దానిమీద నిలబడితే బరువు గట్టిగా అరిచి చెప్పడం మా గరిడి ఆనవాయితీ. మా నాయన ఎక్కినప్పుడు "తొంభై ఆరు" అని కూత పడేది. జనం హోరెత్తేవాళ్ళు. ఆయన దిగేటప్పుడు త్రాసు కిర్రుమనేది, దానికి కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు.

డెబ్భైల మధ్యలో ఆ త్రాసు మీదికి ఒక సన్నటి కుర్రవాడు ఎక్కాడు. "యాభై ఒకటి" అని కూత పడింది. వీధంతా నవ్వింది. పిట్ట కొంచెం కూత ఘనం అని ఎవరో అన్నారు. ఆ పిట్ట వెళ్ళి తన ఒంటికి రెండింతలకు పైగా ఉన్న బారును ఎత్తి, నిలబడి, కిందపెట్టి, ఏమీ జరగనట్టు చేతులకు అంటిన సుద్దపొడి దులుపుకున్నాడు. కప్పు మాత్రం ఎనభై కిలోల మనిషికి పోయింది, ఎందుకంటే అతను ఇంకో ఇరవై కిలోలు ఎక్కువెత్తాడు.

ఆ పిట్ట ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేనప్పటికి లెక్కల్లో డిగ్రీ ముగించి ఆడపిల్లల హైస్కూల్లో టీచరుగా చేరాను. ఒక ఆదివారం అతను మా వసారాకి వచ్చి, పాత పుస్తకాల అంగట్లో దొరికిన విదేశీ పత్రికలో పేజీ ఒకటి చూపించి, ఇదేందో కొంచెం చెప్పండి అన్నాడు. అందులో ఒక్కో ఒంటి బరువుకు ఎదురుగా ఒక్కో దశాంశ సంఖ్య ఉంది, ఒళ్ళు తేలికయ్యేకొద్దీ ఆ సంఖ్య పెద్దది. ఎత్తిన బరువును దానితో గుణిస్తే వచ్చేవి పాయింట్లు. ఎక్కువ పాయింట్లు ఎవరికొస్తే వాళ్ళు గెలిచినట్టు.

ఇంత గొడవ ఎందుకు, ఎత్తినదాన్ని ఒంటి బరువుతో భాగిస్తే సరిపోదా అని అడిగాడు. భాగిస్తే తానే రాజు. ఆ సంగతి అతని కళ్ళలో కనబడుతూనే ఉంది. నేను మా అమ్మ నీళ్ళ బిందెను చూపించాను. దీనికి అన్ని వైపులా రెండింతలుండే బిందె చేయిస్తే, మూతి వైశాల్యం నాలుగింతలవుతుంది, కానీ లోపల పట్టే నీళ్ళు ఎనిమిదింతలవుతాయి. ఒంటి బరువు నీళ్ళలాంటిది, బలం మూతిలాంటిది, ఎందుకంటే కండ బలం తాడు బలం లాగ మందంలో ఉంటుంది గానీ పొడుగులో ఉండదు. అందువల్ల మనిషి పెరిగేకొద్దీ బరువు ముందు పరుగెత్తుతుంది, బలం వెనకబడుతుంది. భాగించకపోతే పెద్దవాడికి లాభం, ఊరికే భాగిస్తే చిన్నవాడికి లాభం. ఈ పేజీలోని గుణకాలు ఆ రెండింటికీ నడుమ దారి వెతుకుతున్నాయి. ఏదీ పూర్తి న్యాయం కాదు, ఉన్నంతలో న్యాయం. ఇదంతా నేను టీచరు గొంతుతోనే చెప్పాను.

ముఖం మాడ్చుకొని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు. వారమంతా ఆలోచించినట్టున్నాడు.

"మీరు చెప్పిందే సరి. భాగిస్తే నాకు లాభమే గానీ, అది న్యాయం కాదు" అన్నాడు.

తనకు లాభమయ్యేదాన్ని న్యాయం కాదని ఒప్పుకునే మగవాణ్ణి నేనంతకు ముందు చూడలేదు. అప్పుడే నా మనసు అటు ఒరిగిపోయింది, దాచడమెందుకు. మా ఇంట్లో ఆ సంబంధానికి ఒకటే అభ్యంతరం వచ్చింది. కులం ఒకటే, ఉద్యోగం ఉంది, గుణం మంచిది. మా నాయన మాత్రం పిల్లవాడు మంచివాడేనని ఒప్పుకొని, ఆషాఢం గాలికి నిలుస్తాడా అని అడిగాడు. గుణకాల సంగతి నేను చెప్పబోతే వినలేదు.

"చీమ గూడా దాని ఒంటికి పదింతలు మోస్తాది. అట్లని బండికి చీమను కడతారా అమ్మణ్ణీ?" అన్నాడు.

కట్టరని ఒప్పుకున్నాను. అయినా చీమనే చేసుకున్నాను.

పెళ్ళయిన కొత్తలో మా అమ్మ పడ్డ అవస్థ చెప్పితీరాలి. మా ఆయన పోటీల్లో యాభై రెండు కిలోల తరగతి. అంతకు ఒక్క పిసరు పెరిగినా పై తరగతి పెద్దవాళ్ళతో తలపడాలి. అందుకని పోటీలు దగ్గరపడితే అన్నం మానేసి, స్వెటరు మీద స్వెటరు వేసుకొని చెమట కోసం పరుగెత్తేవాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మ కొత్త అల్లుడికి బొబ్బట్లు చేసేది. అతను తినకపోతే నొచ్చుకునేది. అల్లుడికి అత్తగారింట్లో అన్నం పెట్టలేదని వీధంతా అనుకుంటుందని ఆమె బాధ. మా నాయన బాధ వేరు. బరువు తగ్గించుకోవడానికి ఒక మగవాడు కష్టపడటం ఆయనకు బొత్తిగా అర్థం కాలేదు. ఆస్తి పోగొట్టుకోవడానికి పూజ చేయించినట్టుండేది ఆయనకు. అయినా మామా అల్లుళ్ళు పొద్దున్నే కలిసి గరిడికి వెళ్ళేవాళ్ళు. మెల్లగా కుర్రవాళ్ళ పోటీలకు పాయింట్ల పద్ధతి వచ్చింది, లెక్క వేసేది నేను. పెద్దల గదకు మాత్రం మా నాయన ఒప్పుకోలేదు. ఎవరు ఎక్కువెత్తితే వాళ్ళే మొయ్యాలి అన్నాడు. ఏటా ఎక్కువెత్తేది ఆయనే.

ఎనభైల్లో ఆయనకు షుగరు వచ్చింది.

మొదట నడుముకు కట్టుకునే వెడల్పాటి తోలు పట్టా మాకు చెప్పింది. దానికి ఒక కొత్త రంధ్రం పడింది, తర్వాత ఇంకోటి. వేలి ఉంగరం జారిపోతుంటే దానికి దారం చుట్టుకున్నాడు. ఇప్పుడు గడప దాటడానికి పక్కకు తిరగాల్సిన పనే లేదు, అయినా అలవాటు కొద్దీ తిరిగేవాడు. అది చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. ఉగాది ఎండలో కూడా చొక్కా లోపల స్వెటరు వేసుకునేవాడు. అల్లుడు బరువు తగ్గడానికి వేసుకున్నదాన్ని మామ బరువు కనబడటానికి వేసుకున్నాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానుకున్నాడు. వెళ్తే ప్రతి ఒక్కరూ "ఇంత చిక్కిపోయినావే" అంటారు. అభిమానంతోనే అంటారు, ఆయనకు మాత్రం అది గుచ్చుకునేది. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అని పైకి నవ్వేవాడు గానీ, ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

పోటీలోంచి కూడా తప్పుకున్నాడు. గద సౌదె డిపో యజమానికి పోయింది. ఆయన్ని నేను డిపో మామ అనేదాన్ని. మా నాయనకు చిన్నప్పటినుంచీ జత. కొండంత మనిషి, మాట మాత్రం మెత్తన. రెండేళ్ళు గద మోశాక ఆయనే గరిడి పెద్దల దగ్గర మాటెత్తాడు. పిల్లకాయలకు పాయింట్లున్నప్పుడు పెద్దలకు ఎందుకు ఉండకూడదు, ఈసారి గద కూడా అట్లే ఇయ్యండప్పా అన్నాడు. ఎవరి కోసం అన్నాడో అందరికీ తెలుసు. మా నాయనకూ తెలుసు. చీమ సామెత ఈసారి ఆయన నోటినుంచి రాలేదు. మర్నాడు సాయంత్రం గరిడికి వెళ్తే, ఆయన గదను ఒళ్ళో పెట్టుకొని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు.

"ఇంగొక్కసారి దీన్ని మొయ్యల్ల అమ్మణ్ణీ. ఒక్కసారే" అన్నాడు, నా వైపు చూడకుండా.

మా నాయన నన్ను అంతకు ముందు ఏదీ అడగలేదు. ఇది కూడా నన్నడిగింది కాదు, నిజానికి. అయినా దాన్ని నేనే ఇయ్యాలనిపించింది.

పోటీకి వారం ముందు ఆయన్ని షుగరు పరీక్షకు మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ గుంటూరు వైపునుంచి వచ్చిన ఒక నర్సు ఉండేది, క్రైస్తవుల పిల్ల, నోటినిండా 'అండీ' పెట్టి గలగలా మాట్లాడేది. చెప్పులు, స్వెటరు, చొక్కా అన్నీ విప్పించి తూచి, "యాభై ఎనిమిదండీ" అని కారిడారు చివరికి వినిపించేలా చెప్పింది. మా నాయన చటుక్కున వెనక్కి తిరిగి, మా వీధివాళ్ళెవరైనా ఉన్నారేమో చూశాడు.

ఇంటికొచ్చి నేను లెక్క వేశాను. గరిడిలో ఆ మధ్య నాయన నూట పది కిలోలు ఎత్తుతున్నాడు. డిపో మామ తొంభై ఆరు కిలోల మనిషి, నూట అరవై దాకా ఎత్తుతాడు. కిలోల్లో చూస్తే పోలికే లేదు. కానీ యాభై ఎనిమిది కిలోల ఒంటికి ఉన్న గుణకంతో చూస్తే మా నాయనదే పైచేయి. తేడా కొంచెమే, అయినా తేడా తేడానే. మా ఆయనకు చెప్పాను. ఇద్దరం చిన్నపిల్లల్లాగ నవ్వుకున్నాం. నేనప్పుడు మూడో నెల గర్భంతో ఉన్నాను. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచింది, సంతోషం అదీ ఇదీ కలిసి పట్టలేకపోయాం.

పండగ రోజు త్రాసు వచ్చింది. తూచి కూత పెట్టే పని ఆ ఏడు మా ఆయనది. లెక్కల బల్ల నాది. అందరూ లంగోటీతోనో నిక్కరుతోనో ఎక్కారు. మా నాయన మాత్రం స్వెటరుతో, పంచెతో వచ్చి నిలబడ్డాడు. వస్తాదును బట్టలు విప్పమనే ధైర్యం ఎవరికుంది? మా ఆయన త్రాసు బిళ్ళ జరిపాడు. జరిపి ఆగాడు. ఇంకొంచెం జరిపాడు.

"అరవై రెండు" అని కూత పెట్టాడు.

జనం గుసగుసలాడారు. తొంభై ఆరు విన్న చెవులకు అరవై రెండే పిడుగులాగుంది. ఒకరిద్దరు ఆడవాళ్ళు అయ్యో అన్నారు. నేను మాత్రం వేరే దానికి ఉలిక్కిపడ్డాను. వారంలో నాలుగు కిలోలు ఎట్లా పెరుగుతాడు? పంచె, స్వెటరు తీసేసినా లెక్క కుదరదు. ఆయన త్రాసు దిగుతున్నప్పుడు నడుము దగ్గర ఇనుము మీద ఇనుము తగిలిన చిన్న చప్పుడు వినబడింది. మా ఇంట్లో పట్టునూలు తూచేటప్పుడు రోజూ వినే చప్పుడే అది. మా ఆయనా విన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

పోటీల్లో దొంగ తూకాలు మామూలే. అయితే అందరూ తక్కువ చూపించడానికి దొంగతనం చేస్తారు. ఉపవాసాలుంటారు, ఉమ్ముతారు, చెమట పోస్తారు. ఎక్కువ చూపించుకోవడానికి ఒంటికి రాళ్ళు కట్టుకొచ్చిన మనిషి ఈ భూమ్మీద మా నాయన ఒక్కడే అయ్యుంటాడు. ఆ నాలుగు కిలోలతో ఆయన గుణకం పడిపోయింది. పక్కగదిలోకి వెళ్ళి, రాళ్ళు విప్పి, పట్టా బిగించుకొని వచ్చి నూట పది ఎత్తాడు. మోకాళ్ళు వణికాయి గానీ వీపు నిటారుగా నిలిచింది. డిపో మామ నూట అరవై ఎత్తాడు. కావాలని తక్కువెత్తితే బాగుండునని నేను లోలోపల మొక్కుకున్నాను, కానీ ఆయన అట్లాంటి మనిషి కాదు. దయ వేరు, ఆట వేరు.

నా ముందు రెండు సంఖ్యలున్నాయి. అరవై రెండుతో గుణిస్తే నాయన ఓడిపోతాడు. యాభై ఎనిమిదితో గుణిస్తే గెలుస్తాడు. లేచి నిజం చెప్తే గద ఆయన భుజం మీదికొస్తుంది, దానితోపాటు వీధిలో అందరికీ ఆయన నడుముకు కట్టుకున్నదీ తెలుస్తుంది. మా ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి వంగి, త్రాసు చెప్పిందే రాయమని మెల్లగా అన్నాడు. రాశాను. ఇందులో ఇంకెవరికీ అన్యాయం జరగలేదు. జరిగింది ఆయనకే, చేసుకుందీ ఆయనే. నాలుగు పాయింట్లు కూడా లేని తేడాతో గద డిపో మామకు పోయింది.

ఊరేగింపు బయల్దేరాక ఇంటికి వెళ్ళాను. అమ్మ వెనక గదిలో తూకపు రాళ్ళు పెట్టెలో సర్దుతోంది. రెండు కిలోల రాళ్ళు రెండు, వాటికింకా గుడ్డపట్టీ కట్టే ఉంది. ఆ పట్టీ ముడి చూశాను. తెగిన పడుగుపోగును అతకడానికి మా అమ్మ వేసే ముడి అది. చిన్నది, చదునుగా ఉంటుంది, బట్ట మీద వేలితో తడిమినా తెలియదు. అంటే పొద్దున ఆయన నడుముకు రాళ్ళు కట్టింది ఆమే. నన్ను చూసి ఆమె తల దించుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అడిగింది కాదనడం ఆమెకు తెలియదు.

మా నాయన మగ్గం గుంట అంచున కూర్చొని ఉన్నాడు. పక్కన కూర్చొని చెప్పాను. రాళ్ళు లేకపోయుంటే గెలిచేవాడివి నాయనా అన్నాను.

"తెలుసు" అన్నాడు.

తెలిసే చేశాడా?

"ఇన్నేండ్లు నువ్వు లెక్కలేస్తావుంటే నా చెవుల్లో పడదా? గద పోతే పోయింది. వస్తాదు యాభై ఎనిమిది అని నా గరిడిలో కూత పడకూడదు, అంతే" అన్నాడు. పండగ పూట అన్నం తిని పొమ్మని, నేను కూడా చిక్కిపోయానని అన్నాడు.

ఆ వేసవిలో పాప పుట్టింది. నెలలు పూర్తిగా నిండకుండానే పుట్టింది, రెండు కిలోలు. ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. ఆ గుంటూరు నర్సు అప్పటికి పిల్లల వార్డుకు మారింది. రోజూ పొద్దున పాపను చిన్న తక్కెడలో పడుకోబెట్టి తూచి, బరువు గట్టిగా చెప్పేది. తగ్గిన రోజూ గట్టిగానే చెప్పేది, పెరిగిన రోజూ గట్టిగానే చెప్పేది. తగ్గిన రోజు నేను తలగడలో ముఖం పెట్టుకునేదాన్ని. ఆమె నన్ను మందలించింది.

"బరువు చెప్పుకోడానికి సిగ్గెందుకండీ? ఎంతుందో తెలిస్తేనే కదా, అంత ఒంటితో పాప ఎంత బాగా నెట్టుకొస్తుందో తెలిసేది" అంది.

ఆమె ఆ మాట అన్నప్పుడు మా నాయన తలుపు దగ్గర, స్వెటరులో, నిలబడి ఉన్నాడు.

మొదటిసారి పాపను ఆయన చేతుల్లో పెట్టినప్పుడు, తన రెండు అరచేతులూ చూసుకొని, మళ్ళీ పాపను చూశాడు. రెండు కిలోలంటే ఇంతేనా అన్నాడు. ఆ బరువు ఆయనకు బాగా తెలుసు, నడుముకు కట్టుకున్నవాడు. పరుపు మీద పడుకోబెట్టి చూపుడువేలు ఇస్తే పాప పట్టుకుంది. ఇంకో చేతికి ఇంకో వేలు ఇచ్చాడు, అదీ పట్టుకుంది. మెల్లగా, పరుపుకు అరంగుళం ఎత్తున, వేళ్ళు పైకి లాగాడు. పాప వదల్లేదు. తల, భుజాలు, వీపు పైకి లేచాయి. ఒక్క క్షణం తన మొత్తం ఒంటిని ఆ రెండు పిడికిళ్ళతో మోసింది. నర్సు అయ్యో వద్దండీ అంటూ పరుగెత్తుకొచ్చి కింద చెయ్యి పెట్టింది. మా నాయన ముఖం నేను అట్లా ఎప్పుడూ చూడలేదు. గద భుజాన ఉన్నప్పుడు కూడా చూడలేదు. కళ్ళనుంచి నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"దీనికి లెక్క వెయ్యి అమ్మణ్ణీ" అన్నాడు.

ఆ పేజీలో రెండు కిలోలకు గుణకం లేదు నాయనా అన్నాను. నవ్వుతూనే అన్నాను.

పాప బతికింది. మార్గశిరం నాటికి బుగ్గలొచ్చాయి. వీధిలో అందరూ దాన్ని ఎత్తుకొని బరువు చూసి మెచ్చుకునేవాళ్ళు. పండగ రోజు మళ్ళీ త్రాసు వచ్చింది. మా ఆయన బిళ్ళ దగ్గర, నేను బల్ల దగ్గర, పాప నా ఒళ్ళో. వెనక గదిలో రాళ్ళన్నీ పెట్టెలో ఉన్నాయో లేవో పొద్దున్నే చూడాలనుకొని, చూడకుండానే వచ్చేశాను.

మా నాయన వంతు వచ్చింది. త్రాసు ముందు నిలబడి స్వెటరు విప్పి అమ్మకిచ్చాడు. చొక్కా విప్పాడు. పంచె విప్పాడు. లంగోటీతో నిలబడ్డాడు. పక్కటెముకలు ఎంచుకోవచ్చు. తొడల మీద చర్మం వదులుగా వేలాడుతోంది. నేను తల దించుకోబోయి, ఆయన దించలేదని చూసి, ఎత్తాను.

త్రాసు ఎక్కాడు. మా ఆయన బిళ్ళ జరిపి, చూసి, చాలా మెల్లగా, ఆయనకు మాత్రమే వినిపించేలా చెప్పాడు.

"గట్టిగా చెప్పప్పా. డిపో దాకా వినపడల్ల" అన్నాడు మా నాయన.

"యాభై ఆరు" అని మా ఆయన కూత పెట్టాడు.

ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనకనుంచి డిపో మామ రెండు చేతులూ పైకెత్తి హోరెత్తించాడు, తొంభై ఆరుకు చేసినట్టే. ఆ తర్వాత వీధంతా అందుకుంది. చప్పుడుకు పాప ఉలిక్కిపడి నా కొంగు పట్టుకుంది.

ఆ ఏడు నాయన నూరు కిలోలే ఎత్తాడు, పోయినేడు కంటే తక్కువ. డిపో మామ కూడా మోకాలి నొప్పితో నూట యాభై దగ్గర ఆగాడు. నేను ఒకసారి గుణించి, నమ్మకం చాలక మా ఆయన చేత ఇంకోసారి గుణింపించాను. గద మా నాయనది.

సాయంత్రం చలిగాలి వీస్తోంది. గదను భుజాన పెట్టుకొని, ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేకుండా ఆయన పటం ముందు నడిచాడు. అమ్మ స్వెటరు చేత్తో పట్టుకొని, వేసుకొమ్మని బతిమాలుతూ పక్కనే నడిచింది. ఆయన వేసుకోలేదు. హారతి పళ్ళాలు పట్టుకొని గడపల్లో నిలబడ్డ ఆడవాళ్ళు ఆయన్ని చూసి, "అయ్యో, ఇంత చిక్కిపోయినావే వస్తాదూ" అన్నారు, ఇంటింటా అదే మాట.

"అవునమ్మా, యాభై ఆరు" అని ప్రతి గడప దగ్గరా ఆగి చెప్పి, ముందుకు నడిచాడు.